జపాన్ ఆస్థాన సంగీతం ఎలా నిలిచింది?

ప్రశ్న: జపాన్ చక్రవర్తి ఆస్థానంలో వినిపించే 'గగాకు' సంగీతం చాలావరకు చైనా నుంచి వెళ్లిందని చదివాను. చైనాలోనే కనుమరుగైనది అక్కడ ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచింది? ఆనాటి సంగీతమే ఈనాడూ వినిపిస్తోందని నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: జపాన్‌కు స్వంతమైన షింతో పూజాగీతాలకు కొరియా రాజ్యాల నుంచి, తాంగ్ వంశపు చైనా నుంచి, నేటి వియత్నాం ప్రాంతంలోని చంపా నుంచి వచ్చిన బాణీలు తోడై గగాకు ఏర్పడింది. 701 నాటి తైహో శాసన సంహిత దీనికోసం ఒక ప్రభుత్వ శాఖనే నెలకొల్పింది. 752లో నారాలోని తోదాయ్‌జీ ఆలయంలో మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినవాడు మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆ ఉత్సవంలో ఈ దేశదేశాల సంగీత నృత్యాలు ప్రదర్శితమయ్యాయి. ఆయనతోపాటు 736లో జపాన్ చేరిన చంపా భిక్షువు బుత్తెత్సు నేర్పినట్లు చెప్పే నృత్యాల్లో, బౌద్ధ గాథల్లోని కలవింక పక్షుల వేషంలో నలుగురు బాలలు ఆడే 'కర్యోబిన్' నేటికీ సజీవంగా ఉంది. 9వ శతాబ్దంలో ఈ సంపదనంతా చైనా వైపుది 'ఎడమ', కొరియా వైపుది 'కుడి' అని రెండుగా సర్దుకున్నారు.

ఇది నిలవడానికి అసలు కారణం వంశాలేనని నా అభిప్రాయం. క్యోటో ఆస్థానంలోను, నారా ఆలయాల్లోను, ఒసాకాలోని షితెన్నోజీ ఆలయంలోను తోగి, ఓనో, అబే వంటి కుటుంబాలు ఒక్కొక్క వాద్యాన్ని తమ బాధ్యతగా తండ్రి నుంచి కొడుకుకు అందించాయి. 1467లో మొదలై పదేళ్లకు పైగా సాగిన ఓనిన్ యుద్ధంలో క్యోటో తగలబడి, అక్కడి వాద్యకారులు చెల్లాచెదురైనప్పుడు, నారా, ఒసాకా శాఖల వారు వచ్చి ఆస్థానంలోని లోటును పూరించారు. ఒకే చోట కేంద్రీకృతమై ఉంటే ఆ మంటల్లోనే ఈ విద్య ముగిసిపోయేది. నేర్పే పద్ధతీ దీన్ని కాపాడింది: విద్యార్థి వాద్యం పట్టకముందే తొడ మీద తాళం వేస్తూ, 'షోగా' అనే నోటిపాఠంతో బాణీని కంఠస్థం చేస్తాడు. రాతప్రతులున్నా, స్వరాన్ని జార్చే తీరు, ఊపిరి ఆపే చోటు గురుముఖతః రావలసిందే.

1870లో మీజీ చక్రవర్తి ప్రభుత్వం మూడు శాఖలనూ టోక్యోలో ఏకం చేసి, 1876లోను, 1888లోను ప్రామాణిక ప్రతులను నిర్ణయించింది. ఏకరూపత వచ్చింది గాని, ఆ ప్రతుల్లో చోటు దొరకని రచనలు ఎన్నో వెనుకబడ్డాయి. వాటిని తలచుకుంటే బాధ కలుగుతుంది. ఇక మీ రెండో ప్రశ్నకు జవాబు: యథాతథంగా అదే సంగీతమని నమ్మలేము. పాత ప్రతులను పరిశీలించిన పండితులు కొందరు, తాంగ్ కాలపు బాణీలు ఎంతో వేగంగా సాగేవని, శతాబ్దాల తరబడి నెమ్మదించి నేటి గంభీర గమనానికి వచ్చాయని వాదిస్తారు. అయినా తరం తెగకుండా వచ్చిన విద్య అనడంలో సందేహం లేదు.

2009లో యునెస్కో గుర్తింపు లభించింది. ఈనాటి చిక్కు వాద్యంలో ఊదే చోట అమర్చే పీకది. మన సన్నాయిలాగే జంట పీకతో మోగే 'హిచిరికి'కి ఒసాకా సమీపాన యోదో నది ఒడ్డున ఉదోనోలో పెరిగే రెల్లుజాతి కాడలే శ్రేష్ఠమని వాద్యకారులు భావిస్తారు; ఇటీవల తీగమొక్కలు అల్లుకుని ఆ పొదలు దెబ్బతినడంతో, వాటిని తొలగించే పనికి వాద్యకారులు, స్వచ్ఛంద సేవకులు స్వయంగా పూనుకున్నారు.