1,500 లీటర్ల కొలనుకు సోలార్: ముందు రాత్రి గాలి సంగతి చూడండి

మీరు అడిగింది: బెంగళూరులో ఇంటి వెనక 1,500 లీటర్ల సిమెంటు కొలను, పది గోల్డ్‌ఫిష్‌లు, అక్కడిదాకా కరెంటు లాగే వీలు లేదు; ఆన్‌లైన్‌లో దొరికే తేలే సోలార్ ఫౌంటెన్ సరిపోతుందా అని.

చాలదండీ. వాటిలో చాలావాటి ప్యానెల్ రెండు మూడు వాట్లే. మబ్బు పడితే ఆగుతుంది, పొద్దు వాలితే ఇక లేవదు. చేపలకు ఇబ్బంది మొదలయ్యేది ఆ తర్వాతే. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచూ మొక్కలూ రాత్రి చేపలతో పాటు అదే ఆక్సిజన్ వాడుకుంటాయి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అందుకే. నీళ్లు పచ్చగా ఉంటే ఈ బాధ ఇంకా ఎక్కువ.

అందుకని బ్యాటరీని నీళ్లలోకి గాలి బుడగలు వదిలే ఎయిర్ పంపుకి మాత్రమే పెట్టి, నీళ్లను ఫిల్టర్ గుండా తిప్పే వాటర్ పంపును ఎండ ఉన్నప్పుడే ప్యానెల్ మీద నడవనివ్వండి. 12 వోల్టుల డీసీ ఎయిర్ పంపు 5 వాట్లది చాలు. రోజంతా నడిస్తే 120 వాట్-అవర్లు. 12.8 వోల్టుల 20 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 256 ఉంటాయి. 80 శాతమే వాడుకున్నా ఎండ లేకుండా 40 గంటలు లాగుతుంది. దీనికి 75 వాట్ల ప్యానెల్ పెట్టండి. జులై ముసురులో 50 వాట్లతో లెక్క తప్పుతుంది. మామూలు ఏసీ (ఇంటి కరెంటుతో నడిచే) ఎయిర్ పంపు కొని ఇన్వర్టర్ పెడదామనుకోకండి, చిన్న ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉండటానికే ఆ పంపు తినేంత కరెంటు తినగలదు.

ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే చార్జ్ కంట్రోలర్, చవకైన పీడబ్ల్యూఎం రకమే చాలు, కానీ లిథియం సెట్టింగ్ ఉండాలి. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, చివర పంపు, విప్పేటప్పుడు తిరగేసి. బ్యాటరీ లేకుండా ప్యానెల్ కలిపితే కొన్ని చవక కంట్రోలర్లు ప్యానెల్ వోల్టేజీని నేరుగా పంపుకి వదులుతాయి. బ్యాటరీ ప్లస్ తీగకు దగ్గర్లోనే 5 ఆంపియర్ల ఫ్యూజు వేయండి.

వాటర్ పంపు సంగతి. రెండు గంటలకోసారి నీళ్లన్నీ ఫిల్టర్ గుండా తిరగాలంటే గంటకు 750 లీటర్లు కావాలి. డబ్బా మీద రాసే అంకె నీళ్లు అసలు పైకెత్తనప్పటిది, మీటరు ఎత్తుకే బాగా పడిపోతుంది. గంటకు 1,200 లీటర్లని రాసిన పంపు తీసుకోండి, సుమారు 20 వాట్లు. దానికి విడిగా 40 వాట్ల ప్యానెల్ పెడితే ఉదయపు పలచటి ఎండలో మొదలై, ఆగి, మళ్లీ మొదలయ్యే తంతు తగ్గుతుంది. 12 వోల్టులదని అమ్మే ప్యానెల్ దాని మీద ఏదీ నడవనప్పుడు 21, 22 వోల్టులు ఇస్తుంది. పంపు మీద 24 వోల్టుల దాకా అని లేకపోతే మధ్యలో వోల్టేజీ తగ్గించే స్టెప్-డౌన్ కన్వర్టర్ తప్పదు. అది లేకనే లోపలి సర్క్యూట్ మాడుతుంది. ఇవన్నీ బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. పది మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే పోయేది అర వోల్టులోపే. 0.75 తీగకు అది రెట్టింపు.

రాత్రి పంపు ఆగితే మూతపెట్టిన ఫిల్టర్ డబ్బాలో నీళ్లను శుభ్రం చేసే బ్యాక్టీరియా ఊపిరాడక చస్తుంది, పొద్దున పంపు లేవగానే ఆ మురికి కొలనులోకి వస్తుంది. ఎయిర్ పంపు గొట్టాన్ని రెండుగా చీల్చి ఒక ఎయిర్ స్టోన్ (గాలిని సన్న బుడగలుగా వదిలే రాయి) కొలనులో, ఒకటి ఫిల్టర్లో వేయండి. ఎయిర్ పంపు నీటిమట్టం కంటే పైన ఉండాలి, లేదా గొట్టానికి నీళ్లను వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వ్ ఉండాలి. లేకపోతే ఆగినప్పుడు నీళ్లు వెనక్కి పాకి పంపులోకి ఎక్కుతాయి.

ప్యానెల్ దక్షిణం వైపు 13 నుంచి 15 డిగ్రీల వాలులో పెట్టండి. నీడ విషయంలో ఒక మెలిక: బెంగళూరులో ఏప్రిల్ 24 ప్రాంతం నుంచి ఆగస్టు 18 ప్రాంతం దాకా మధ్యాహ్న సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. చలికాలంలో అడ్డురాని ట్యాంకో కొబ్బరిచెట్టో జూన్ ఉదయాల్లో అడ్డొస్తుంది. చిన్న ప్యానెల్లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి గనక ఒక్క మట్ట నీడ పడ్డా సగానికి సగం పోవచ్చు.

బోరు నీళ్లయితే వాటర్ పంపు ఇంపెల్లర్‌కు (లోపల తిరిగే రెక్కల చక్రానికి) తెల్లటి పొర కడుతుంది. నెలకోసారి విప్పి, అరగంట వెనిగర్‌లో నానబెట్టి బ్రష్‌తో తోమండి. కుళాయిలో వచ్చే కావేరీ నీళ్లయితే క్లోరిన్ విరుగుడు మందు వేశాకే కొలనులో కలపండి.