టెక్ సందేహాలు: ఫోన్ నంబర్లు హ్యాష్ చేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీలో సివిక్ హ్యాకథాన్ పెడుతున్నాం. డ్రైనేజీ, వీధి దీపాలు, చెత్త మీద వచ్చిన ఫిర్యాదుల డేటాని మున్సిపాలిటీ వాళ్లు ఎక్సెల్‌లో ఇచ్చారు. ఫోన్ నంబర్లని ఎండీ5తో హ్యాష్ చేసి, డ్రైవ్ లింకు వాట్సాప్ గ్రూపులో పెడదామనుకుంటున్నాం. డాష్‌బోర్డుకి ఏ టూల్ మంచిది?

జవాబు: టూల్ ఏదైనా ఫర్వాలేదు, ముందు ఆ లింకు మాత్రం పెట్టకండి. హ్యాకథాన్ల సీజన్ మొదలైతే చాలు, ఇదే ప్లాన్‌తో ఉత్తరాలొస్తాయి. హ్యాష్ అంటే నంబరుని ఒక ఫార్ములాతో గజిబిజి అక్షరాల వరసగా మార్చడం, ఎండీ5 అలాంటి ఫార్ములాయే. ఒకే నంబరుకి ఎప్పుడూ ఒకే వరస వస్తుంది. దాన్ని వెనక్కి తిప్పలేరన్న ధీమా ఫోన్ నంబర్ల దగ్గర పనికిరాదు. మన మొబైల్ నంబరుకి పదే అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపే. అంటే ఎంత లెక్కేసినా 400 కోట్ల నంబర్లు. అన్నింటికీ ఎండీ5 కట్టి మీ షీటుతో పోల్చడానికి మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డుకి నిమిషం చాలు.

2014లో న్యూయార్క్‌లో జరిగింది ఇదే. 17 కోట్లకు పైగా ట్యాక్సీ ట్రిప్పుల డేటా బయటికొచ్చింది. ట్యాక్సీ నంబర్లు, డ్రైవర్ల లైసెన్సు నంబర్లు ఎండీ5 చేసే ఇచ్చారు. ఒక ఇంజినీరు వాటిని గంటల్లో విప్పేశాడు. ఆ తర్వాత పాత ఫొటోల్లో కనిపించిన ట్యాక్సీ నంబర్లని పట్టుకుని, ఫలానా సినిమా తార ఎక్కడ దిగిందో కూడా కొందరు తేల్చేశారు.

మీ షీటులో ఉన్నది తారలు కాదు. నాలా మీద గోడ కట్టిన లోకల్ లీడరు మీద ఫిర్యాదు చేసినావిడ అదే వీధిలో ఉంటుంది. ఆవిడ నంబరు బయటపడితే ఆ టెన్షన్ ఎవరు పడతారు? నన్ను అన్నిటికన్నా భయపెట్టేది వివరాల కాలమ్. జనం అందులో సొంత పేరు, డోర్ నంబరు వాళ్లంతట వాళ్లే రాసేస్తారు.

అందుకే పేరు, ఫోన్, వివరాలు, మూడు కాలమ్‌లూ తీసేయండి. దాచిపెడితే చాలదు. పివట్ టేబుల్ (డేటాని కూడి చూపే సారాంశ పట్టిక) ఉంటే అసలు డేటా ఫైల్లోనే మిగిలిపోవచ్చు కాబట్టి సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేసి ఇవ్వండి. లొకేషన్ చూపే అక్షాంశ, రేఖాంశాల్ని మూడు దశాంశాలకి కుదించండి, అది దాదాపు 110 మీటర్ల తేడా. ఏ వీధిలో లైట్లు వెలగట్లేదో తెలియడానికి అది సరిపోతుంది.

ప్రశ్న: వార్డు పనుల జాబితా పీడీఎఫ్‌లో ఉంది. కాపీ చేస్తే తెలుగు బదులు పిచ్చి అక్షరాలొస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: పాత డీటీపీ (కంప్యూటర్లో ప్రింటింగ్ పేజీలు కూర్చే) ఫాంటు అది. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలు కూర్చారు. ఫాంటు పేరు తెలిస్తే దానికి తగ్గ కన్వర్టర్ వెతకండి, లేదంటే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఓసీఆర్ చేయండి, అంటే పేజీ బొమ్మలోని అక్షరాల్ని గుర్తించి టెక్స్టుగా మార్చండి. ఓసీఆర్‌లో అంకెలు తప్పు పడతాయి, రూపాయల కాలమ్ మాత్రం కంటితో సరిచూడాల్సిందే.

అన్ని భాషల అక్షరాలకీ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఇప్పటికీ ఆఫీసుల్లో ఆ ఫాంట్లే! ఇలాంటి ఫైల్లో ఒక పౌరుడు తన వీధి పేరు వెతికితే దొరకదు. జనం డబ్బు లెక్క జనానికే కనపడకుండా పోతుంటే నాకు కోపమొస్తుంది. ఈసారి పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకుండా అసలు ఎక్సెల్ ఫైలే అడగండి. కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో పొందే హక్కు సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 2(జె)లో ఉంది. దరఖాస్తులో ఆ సెక్షన్ రాసి ఇవ్వండి.