వార్డు సిస్టర్లకి ఏమివ్వాలి? ముందు డ్యూటీ చార్ట్ చూసి లెక్క వేయండి

మీరు అడిగింది: అత్తగారికి రెండు మోకాళ్ల మార్పిడి ఆపరేషన్ అయింది, హైదరాబాద్‌లో ప్రైవేట్ ఆసుపత్రి, వార్డులో తొమ్మిది రోజులు. శనివారం డిశ్చార్జి. సిస్టర్లకి మూడు వేల లోపు ఏమివ్వొచ్చు, చీర పెట్టాలా, స్వీట్లు సరిపోతాయా అని.

ఏం కొనాలన్నది తర్వాత చూద్దాం. ఎంతమందికి అన్నది ముందు తేల్చుకోండి. మీకు గుర్తున్న ముఖాలు నాలుగైదు ఉంటాయి. ముప్ఫై పడకల వార్డు అనుకుంటే ఉదయం 5, మధ్యాహ్నం 4, రాత్రి 3, మొత్తం 12 మంది. వీక్లీ ఆఫ్‌లో, నైట్ ఆఫ్‌లో ఉన్నవాళ్లు ఇంకో నలుగురు. ఇన్‌చార్జ్ సిస్టర్‌తో కలిపి 17. బెడ్‌పాన్ పెట్టిన ఆయా, స్ట్రెచర్ తోసిన వార్డ్ బాయ్, నేల తుడిచే హౌస్‌కీపింగ్ వాళ్లు ఏడుగురు అనుకుంటే 24. మోకాళ్ల కేసులో ఫిజియోథెరపీ వాళ్లు ఇద్దరుంటారు, వాళ్లనీ కలపండి, 26. మీ వార్డు లెక్క వేరుగా ఉండొచ్చు. ఉదయం 11 దాటాక ఇన్‌చార్జ్ సిస్టర్‌ని "మొత్తం ఎంతమందండీ, అందరికీ అందేలా తెద్దామనుకుంటున్నాం" అని అడిగితే అర నిమిషంలో చెప్తుంది. ఇక్కడ బహుమతులు తీసుకోకూడదనే రూల్ ఉందా అన్నది కూడా అప్పుడే అడిగేయండి. చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఉంటుంది. తినేవి అందరికీ కలిపి ఇస్తే సాధారణంగా అభ్యంతరం పెట్టరు.

స్వీట్లు సరిపోతాయి. కానీ ఏ స్వీటు అన్నది చూసుకోవాలి. ఎక్కువమంది పాలకోవా, కలాకండ్, రసమలాయ్ తెస్తారు. వీటికి ఫ్రిజ్ కావాలి. వార్డులో కనిపించే ఫ్రిజ్ ఇన్సులిన్‌కి, ఇంజక్షన్లకి. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అందులో తినేవి పెట్టడం నిషేధం. దాంతో బయటే ఉన్న పాల స్వీటు రాత్రికి పాడైపోవచ్చు, రాత్రి వాళ్లు తెరిచి మూసేస్తారు. ఆత్రేయపురం పూతరేకులు ఇద్దామని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ కొరకగానే పొడి యూనిఫాం మీద రాలుతుంది. కాకినాడ కాజా కొరికితే పాకం మోచేతి దాకా కారుతుంది. చేతులు కడుక్కుని గ్లోవ్స్ వేసుకోవాల్సిన మనిషికి ఈ రెండూ ఇబ్బందే. సున్నుండ, బందరు లడ్డు, మైసూర్ పాక్, విడి కవర్లలో ఉన్న పల్లీ పట్టీ లాంటివి నయం. ఒక చేత్తో రెండు కొరుకుల్లో అయిపోవాలి, అదే కొలత. 40 గ్రాముల లడ్డూలైతే కిలోకి 25 వస్తాయి. తలా ఒకటి, పైన కొన్ని ఉండాలంటే కిలోన్నర తీసుకోండి.

స్వీటు కన్నా కారం ముందు అయిపోతుంది. రాత్రి ఎనిమిదికి ఎక్కి ఉదయం ఎనిమిదికి దిగే డ్యూటీలో మూడు గంటల వేళ ఆకలేస్తుంది. అప్పటికి క్యాంటీన్ మూసి ఉంటుంది. పది రూపాయల మిక్స్చర్ ప్యాకెట్లు, వేయించిన శనగలు, బిస్కెట్లు చిన్న ప్యాకెట్లలో ఉంటే జేబులో వేసుకుని పోతారు. పెద్ద ప్యాకెట్ ఒకటి కొంటే చవకే, కానీ తెరిచాక పది చేతులు అందులో పడతాయి, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు చూస్తే డస్ట్‌బిన్‌లో వేయిస్తారు. పండ్లయితే అరటి, కమలా. ద్రాక్ష కడగాలి, బొప్పాయి కోయాలి, అంత తీరిక ఎవరికీ ఉండదు. కేక్ తెచ్చేవాళ్లు చాకు, ప్లేట్లు మర్చిపోతారు. పైగా శనివారం గుడ్డు ముట్టనివాళ్లు ఉంటారు. కేకే కావాలనుకుంటే గుడ్డు లేనిది, ముందే ముక్కలు చేసింది తీసుకోండి. ఇంట్లో వండిన పులిహోర, దద్దోజనం మాత్రం వద్దు. ప్రేమ ఉన్నా, పేషెంట్ ఇంటి వంట ఎప్పుడు చేశారో తెలియక చాలామంది మొహమాటానికి తీసుకుని పక్కన పెడతారు.

ఇప్పుడు అసలు పొరపాటు. అన్నీ ఒకే పెద్ద డబ్బాలో పెట్టి ఉదయం 11 గంటలకి నర్సింగ్ స్టేషన్‌లో ఇస్తారు. మధ్యాహ్నం రెండుకల్లా ఖాళీ. అర్ధరాత్రి మీ అత్తగారికి మూడుసార్లు నొప్పి ఇంజక్షన్ ఇచ్చిన సిస్టర్ డ్యూటీకి వచ్చేసరికి అట్ట డబ్బా మిగులుతుంది. అందుకే డబ్బాలు మూడు చేయండి. మూత మీద మార్కర్‌తో మార్నింగ్, ఈవెనింగ్, నైట్ అని రాయండి, నైట్ డబ్బాకి టేప్ చుట్టండి. నాలుగో చిన్న డబ్బా ఆయాలకి, వార్డ్ బాయ్‌లకి విడిగా ఇవ్వండి. "అందరూ తీసుకోండి" అంటే వాళ్ల దాకా రావడం తక్కువ.

తినేవి కాకుండా ఏదైనా ఇవ్వాలనుంటే పెన్నులు. నవ్వకండి. సంతకం చేయించుకోవడానికి సిస్టర్ ఇచ్చిన పెన్ను అటెండెంట్ల జేబుల్లోనే ఇళ్లకి పోతుంది, మీ ఇంట్లోనూ ఒకటి ఉండి ఉంటుంది. క్లిప్ ఉన్న, నొక్కితే తెరుచుకునే నీలం బాల్‌పెన్నులు రెండు డజన్లు తీసుకోండి. మూత ఉన్నవైతే మూత పోతుంది. జెల్ పెన్నులైతే శానిటైజర్ తడి చేత్తో తాకగానే అక్షరం అలుక్కుపోతుంది, కార్బన్ పెట్టి రాసే కాగితాల మీద కిందకి పడదు. రెండోది హ్యాండ్ క్రీమ్. రోజుకి ఎన్నోసార్లు చేతులు కడిగి శానిటైజర్ రాస్తే చర్మం పగులుతుంది. గ్లిజరిన్ ఉన్నవి, వాసన లేనివి, 30 మిల్లీలీటర్ల ట్యూబులు తలా ఒకటి. పెద్ద సీసా ఒకటే పెడితే ఎవరూ వాడరు. పెట్రోలియం జెల్లీ వద్దు, లేటెక్స్ గ్లోవ్స్‌ని అది దెబ్బతీస్తుంది. సెంటు వాసన వాంతులతో ఉన్న పేషెంట్‌కి పడదు. క్రీమ్ సిస్టర్లకే ఇచ్చినా 17 ట్యూబులు, మూడు వేలలో సగం పైన అక్కడే అయిపోతుంది. స్వీట్లు పోను మిగలవు. అందుకని నా ఓటు పెన్నులకే.

చీర సంగతి. బొట్టు పెట్టి జాకెట్ ముక్క, పండు చేతిలో పెట్టడం మన ఇళ్లలో మర్యాదే. వార్డులో అది కుదరదు. యూనిఫాంలో ఉన్నప్పుడు బొట్టు పెట్టించుకోవడం క్రైస్తవ సిస్టర్లకి, ముస్లిం సిస్టర్లకి ఇరుకున పడేసినట్టుంటుంది. ఒక్కరికే చీర ఇస్తే మిగతా 16 మంది ముందు ఆమెకి ఇబ్బంది. కవర్లో డబ్బు అసలే వద్దు. రూల్ ఉన్న ఆసుపత్రిలో ఆమె ఉద్యోగానికే ఎసరు వస్తుంది. పూల బొకే ఐసీయూలోకి రానివ్వరు, వార్డులో రెండో రోజుకి వాడిపోతుంది. కప్పులు, దేవుడి ఫోటో ఫ్రేములు, టెడ్డీలు లాకర్ గదిలో దుమ్ము పట్టి ఉంటాయి.

ఖర్చు లేనిదీ, ఎక్కువ కాలం ఉండేదీ ఉత్తరం. నోటిమాటగా "అందరూ బాగా చూశారు" అంటే రికార్డుకి ఎక్కదు. నర్సింగ్ సూపరింటెండెంట్ పేరు మీద ఒక పేజీ రాసి, నర్సింగ్ ఆఫీసులో ఇచ్చి, ఒక కాపీ ఇన్‌చార్జ్ సిస్టర్‌కి ఇవ్వండి. పేర్లు లేని ఉత్తరం ఎవరి ఫైల్లోకీ వెళ్లదు. ఐడీ కార్డు మీద పేరు చూసి ఇవాళ్టి నుంచే ఫోన్‌లో రాసుకోవడం మొదలుపెట్టండి. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటారు కాబట్టి షిఫ్టు కూడా రాయండి. పేషెంట్ పేరు, యూహెచ్ఐడీ నంబర్ (ఆసుపత్రి పేషెంట్‌కి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్), వార్డు, తేదీలు పైన ఉండాలి. ఆపైన పొగడ్త కాదు, జరిగింది: "ఆపరేషన్ అయిన రెండో రోజు రాత్రి పేషెంట్ నడవడానికి భయపడితే ఫలానా సిస్టర్ వాకర్ పట్టించి, బాత్రూమ్ దాకా పక్కనే నడిచారు. సెలైన్ పెట్టిన చెయ్యి వాచిందని మేము చెప్పకముందే చూసి సూది మార్చారు." ఇలా మూడు సంగతులు చాలు. వీలైతే ఇంగ్లీషులో రాయండి. కేరళ నుంచో మణిపూర్ నుంచో వచ్చిన సిస్టర్ తన గురించి రాసింది తానే చదువుకోగలుగుతుంది. గూగుల్ రివ్యూలో పేరు పెట్టే ముందు మాత్రం ఆమెని అడగండి. ఫోటో పెట్టొద్దు.

ఇదే ప్రశ్న ప్రభుత్వ ఆసుపత్రి గురించి అయితే జవాబు మారుతుంది. అక్కడ సిస్టర్ ప్రభుత్వ ఉద్యోగి. 1988 అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇచ్చినవాళ్లూ నేరస్తులే. బలవంతం మీద ఇచ్చినవాళ్లు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే మినహాయింపు. డిశ్చార్జి అయ్యాక వార్డంతటికీ ఒక స్వీటు డబ్బా, సూపరింటెండెంట్‌కి ఉత్తరం, అంతకు మించి వద్దు. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు అడుగుతుంటారు కాబట్టి ఒక మాట: అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ మార్గదర్శకాల్లో 50 పౌండ్ల లోపు చిన్న బహుమతికి ఇబ్బంది లేదు, నగదు, వోచర్లు మాత్రం తీసుకోకూడదు.

ఇచ్చే వేళ కూడా చూసుకోండి. ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రెండున్నర, రాత్రి మళ్లీ ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర హ్యాండోవర్ సమయం. అప్పుడు ఒక్కో పేషెంట్ గురించి ఒకరు చెప్తుంటే ఇంకొకరు రాసుకుంటుంటారు. మధ్యలో డబ్బా పట్టుకుని నిలబడితే ఒక మందు చెప్పడం మర్చిపోవచ్చు. డాక్టర్ రౌండ్స్ అయ్యాక 11 నుంచి 12, లేదా సాయంత్రం 4, 5 మధ్య మంచిది. ఫైనల్ బిల్లు కట్టి, డిశ్చార్జి సమ్మరీ చేతికొచ్చాక ఇవ్వండి. అంతకు ముందు ఇస్తే పని తొందరగా చేయించుకోవడానికి ఇచ్చినట్టుంటుంది. శనివారం ఇన్సూరెన్స్ అప్రూవల్ సాయంత్రం దాకా రాకపోవచ్చు, కాబట్టి డబ్బాలు పొద్దున్నే కారులో పెట్టి ఎండలో ఉంచకండి, నెయ్యి కరిగి మైసూర్ పాక్ ముద్దయిపోతుంది.

మీ మూడు వేలలో కిలోన్నర స్వీటు వెయ్యి దాటుతుంది, ప్యాకెట్లు ఐదొందలు, పెన్నులు రెండొందల యాభై. మిగిలింది వార్డుకి కాకుండా ఆపరేషన్ థియేటర్ సిస్టర్లకి చిన్న డబ్బాగా పంపండి. అత్తగారు మత్తులో ఉన్నారు కాబట్టి వాళ్ల ముఖాలు మీ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. లోపలికి పోనివ్వరు, థియేటర్ రిసెప్షన్‌లో పేషెంట్ పేరు, ఆపరేషన్ తేదీ రాసి ఇస్తే చేరుతుంది.