జూమ్ టార్చ్ వెలుగు నలుచదరంగా ఎందుకు పడుతుంది? పొలం గట్టుకు ఏ లెన్స్ మంచిది?

మీ టార్చ్ పాడవలేదండి. తల ముందుకు లాగితే గోడ మీద నలుచదరపు పసుపు మచ్చ పడుతోంది, చుట్టూ చీకటి, ఎల్ఈడీ కాలిపోయిందా అని అడిగారు కదా. ఆ చదరం ఎల్ఈడీ బొమ్మే. లోపలున్న చిప్పు ఆకారమే అంత. బడిలో కుంభాకార కటకంతో కిటికీ బొమ్మను గోడ మీద పట్టిన ప్రయోగం గుర్తుందా? ఇదీ అదే. చిప్పు సరిగ్గా నాభి దగ్గరికి వచ్చినప్పుడు లెన్స్ దాని బొమ్మను పెద్దది చేసి దూరంగా వేస్తుంది. కొన్ని టార్చ్‌లలో చిప్పు మీది సన్న తీగల గీతలు కూడా గోడ మీద కనిపిస్తాయి.

మూడేళ్ల కింద నేనూ ఇలాంటిదే నాన్నకు కొనిచ్చాను. మాది ఖమ్మం వైపు, మొక్కజొన్న వేస్తాం. కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవి పందులకు రాత్రి కావలి తప్పదు. అరచేతిలో ఇమిడే లైటు, ముందు మందపాటి గుండ్రటి లెన్స్. డాబా ఎక్కి కొడితే ఊరి చివరి వాటర్ ట్యాంకు మీద మచ్చ పడింది. మురిసిపోయాను. మర్నాడు పొద్దున్నే నాన్న దాన్ని నా మంచం మీద పడేసి, "ఏందిరా ఇది! ఆడెక్కడో పొద్దు పొడుస్తది, కాళ్ల కింద అమావాస్యే" అన్నాడు. గట్టు మీద కట్లపామును దాటేశాక గానీ చూడలేదట. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

ఆ ఆదివారం దాన్ని విప్పి కూర్చున్నా. ఎల్ఈడీ వెలుగు పాత బల్బులా వెనక్కి కూడా పోదు, ముందువైపు అర్ధగోళంలా పరుచుకుంటుంది. ఎదురుగా ఎక్కువ, పక్కలకు పోయే కొద్దీ తక్కువ. లెన్స్ చిప్పుకు ఎంత దగ్గరుంటే అంత ఎక్కువ వెలుగు దానిలోకి చేరుతుంది. నా లైటు లెన్స్ వెడల్పు 25 మిల్లీమీటర్లు. పూర్తిగా లాగితే చిప్పుకూ దానికీ మధ్య దూరం సుమారు 20 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే చిప్పు ఇచ్చే వెలుగులో దాదాపు 28 శాతమే లెన్స్‌కు అందుతోంది! మిగతాది లోపలి నల్ల గొట్టానికి తగిలి వేడిగా మారిపోతోంది. తల వెనక్కి నొక్కేస్తే ఆ దూరం 8 మిల్లీమీటర్లకు తగ్గి, 70 శాతం పైగా బయటికి వస్తోంది. తల లాగినప్పుడు దూరం పోతోంది కదా, పవర్ పెరిగిందనుకుంటాం. నిజానికి అప్పుడే ఎక్కువ వెలుగు పారబోసుకుంటున్నాం. బ్యాటరీ మాత్రం రెండు సార్లూ ఒకేలా దిగుతుంది.

రిఫ్లెక్టర్ టార్చ్, అంటే లోపల మెరిసే గిన్నె ఉన్నది, వేరే పద్ధతి. పక్కలకు పోయే వెలుగును గిన్నె పట్టి ముందుకు తిప్పుతుంది, అదే మధ్యలో గట్టి మచ్చ. గిన్నెకు తగలకుండా నేరుగా బయటికొచ్చేది చుట్టూ పలచగా పరుచుకుంటుంది. మన కాళ్ల కింద పడేది ఈ పలచటి వెలుగే. నాన్న పాత మూడు సెల్లుల బ్యాటరీ లైటులో ఉన్నదీ, నా కొత్త లైటులో లేనిదీ అదే. గిన్నె లోపలి భాగం అద్దంలా నున్నగా ఉంటే మచ్చ పదునుగా పడుతుంది. నారింజ తొక్కలా గరుకుగా ఉంటే వలయాలు, నల్ల మచ్చలు కలిసిపోయి వెలుగు మెత్తబడుతుంది, దూరం కాస్త తగ్గుతుంది. నడకకు నేను గరుకుదే తీసుకుంటాను.

మూడోది టీఐఆర్ లెన్స్. పారదర్శకమైన ప్లాస్టిక్ గరాటు, మధ్యలో చిన్న ఉబ్బు. ఎదురుగా వచ్చే వెలుగును ఉబ్బు చూసుకుంటుంది. పక్కలకు పోయేది గరాటు గోడకు తగిలి లోపలికే తిరుగుతుంది. పదో తరగతి సంపూర్ణాంతర పరావర్తనమే ఇది. యాక్రిలిక్‌కు సందిగ్ధ కోణం సుమారు 42 డిగ్రీలు, అంతకంటే ఏటవాలుగా తగిలిన కిరణం బయటికి పోలేదు. అందుకే గోడకు వెండి పూత అక్కర్లేదు. జూమ్ లెన్స్ వదిలేసే పక్క వెలుగు కూడా ఇక్కడ పనికొస్తుంది. ముందు ముఖం నున్నగా ఉంటే సన్నటి బీమ్, బాత్‌రూమ్ కిటికీ అద్దంలా గరుకుగానో తేనెపట్టు గదుల్లానో ఉంటే వెడల్పు బీమ్. తలకు కట్టుకునే లైట్లలో ఎక్కువగా ఉండేది ఇదే. నాన్నకు రెండోసారి వెడల్పు బీమ్ టీఐఆర్ ఉన్నది తెచ్చా. గట్టు మొత్తం ఒకేలా కనిపిస్తోందని, మచ్చ ఎక్కడ పడుతోందో వెతుక్కునే పని లేదని అన్నాడు.

పెట్టె మీది "200 మీటర్లు" చూసి మోసపోకండి. టార్చ్‌లను కొలిచే ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం అంత దూరంలో వెలుగు 0.25 లక్స్‌కు (లక్స్ అంటే ఒక చోట ఎంత వెలుగు పడుతోందో చెప్పే కొలత) పడిపోతుందని దాని అర్థం. అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. అక్కడ పంది ఉందో పొద ఉందో తేల్చడం కష్టమే. ఇంట్లోనే చూసుకోవచ్చు: ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసి, 5 మీటర్ల నుంచి మచ్చ మధ్యను ఫోన్ సెన్సర్ మీద పడనివ్వండి. 400 లక్స్ వస్తే దాన్ని 25తో (5 × 5) గుణించండి, 10,000 క్యాండెలా, అంటే ఎదురుగా పోయే వెలుగు ఎంత గట్టిదో చెప్పే కొలత. దాని వర్గమూలం 100, రెట్టింపు చేస్తే 200 మీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలా నాలుగింతలు కావాలి. ఫోన్ అంకెలు కచ్చితం కావు, రెండు లైట్లను పోల్చడానికి చాలు. చిన్న తలకాయతో కిలోమీటరు అని రాస్తే మాత్రం నేను నమ్మను. దూరం పోవాలంటే చిప్పు ఉపరితలం బాగా ప్రకాశించాలి, లేదా లెన్స్ వెడల్పు పెరగాలి. చాలామంది చూసే ల్యూమెన్లు మొత్తం వెలుగు ఎంతో చెబుతాయి గానీ అది ఎక్కడ పడుతుందో చెప్పవు.

ఇప్పుడున్నదాన్ని పారేయకండి. తల పూర్తిగా వెనక్కి నొక్కి, లెన్స్ మీద మసకగా ఉండే టేపు అంటించండి, లేదా టిఫిన్ పార్సిల్ ఇచ్చే మసక తెల్ల కవరు ముక్కను రబ్బరు బ్యాండుతో బిగించండి. చదరం పోయి వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. తల లాగి ఉంచి అంటిస్తే లాభం తక్కువ, లోపల పోయిన వెలుగు ఎలాగూ తిరిగి రాదు. కొత్తది కొంటే, షాపులో దూరం గోడ మీద కాకుండా నడుము ఎత్తు నుంచి రెండడుగుల ముందు నేల మీద కొట్టి చూడండి.

జూమ్ లైటును నాన్న వదిలేయలేదు. మంచె మీద కూర్చుని చేను అవతలి అంచు చూడటానికి అదే కావాలంటాడు, అక్కడ కాళ్ల కింద చూసే పని లేదు కదా. ఒక్క జాగ్రత్త: పగలు దాన్ని తల లాగి, లెన్స్ ఎండకు ఎదురుగా ఉండేలా వదిలేయకండి. భూతద్దంతో కాగితం కాల్చినట్టే ఎండ తిరుగుదారిలో చిప్పు మీద కూడుకుని దాన్ని మాడ్చేయవచ్చు. మంచె గుంజకు వేలాడే మా లైటుకు నాన్న పాత చొక్కా జేబు కత్తిరించి తొడిగాడు.