నర్సింగ్ ఎర్లీ అప్లికేషన్ డిఫర్ అయితే ఏం చేయాలి?

అమెరికాలో పన్నెండో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి నాలుగేళ్ల నర్సింగ్ కోర్సుకు ముందుగానే పెట్టిన (ఎర్లీ) దరఖాస్తుకు డిసెంబర్‌లో 'డిఫర్డ్' (నిర్ణయం వాయిదా) అని వచ్చింది, ఆశ వదులుకోవాలా అని అడిగారు. అక్కర్లేదండీ. అది తిరస్కరణ కాదు. ఫైలును రెగ్యులర్ దరఖాస్తులతో కలిపి మళ్లీ చూస్తారు, జవాబు చాలావరకు మార్చి ఆఖరుకో ఏప్రిల్ మొదట్లోనో వస్తుంది. సీటొస్తే తప్పక చేరతామని ముందే మాటిచ్చే ఎర్లీ డెసిషన్ కింద పెట్టినా, డిఫర్ కాగానే ఆ కట్టుబాటు పోతుంది.

నర్సింగ్‌లో పోటీ ఎందుకింత? క్లాసులో ఇంకో కుర్చీ వేసినంత మాత్రాన సీటు పెరగదు. ఆసుపత్రిలో క్లినికల్ శిక్షణకు చోటుండాలి, ప్రతి చిన్న బృందానికీ ఒక అధ్యాపకురాలు కావాలి. రెండూ కొరతే. మంచి మార్కులున్నవాళ్లూ ఆగిపోయేది అందుకే.

ముందుగా కాలేజీ పంపిన మెయిల్ శ్రద్ధగా చదవండి. అదనపు కాగితాలు వద్దంటే పంపొద్దు. తీసుకుంటామంటే, ఇంకా ఆసక్తి ఉందని ఒక పేజీ ఉత్తరం అమ్మాయే రాయాలి, మీరు కాదు. డిసెంబర్ తర్వాత కొత్తగా జరిగింది మాత్రమే అందులో ఉండాలి. మిడ్ ఇయర్ గ్రేడ్లలో కెమిస్ట్రీ, బయాలజీ గట్టిగా నిలవాలి.

'వేరే మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) చేరి తర్వాత నర్సింగ్‌కు మారదాం' అనే సలహా నమ్మేముందు కాలేజీని అడగండి. చాలాచోట్ల ఆ దారి మూసే ఉంటుంది. ఇంకో దారీ ఉంది: కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ల స్థాయి డిగ్రీ) చేసినా నర్సు లైసెన్సు కోసం రాసేది అదే ఎన్‌క్లెక్స్ పరీక్ష, తర్వాత బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ) పూర్తిచేసుకోవచ్చు.