టెన్త్ పరీక్షలయ్యాక మనాలి: చీటీ పాడాలా, ఈఎంఐ కట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా వారు ప్రైవేటు కంపెనీలో చేస్తారు, చేతికి 58,000 వస్తుంది. నేను స్కూల్లో టీచర్‌ని, నా జీతం 22,000. ఇంటి లోను ఈఎంఐ 19,500, ఇంటి ఖర్చు 32,000, ఎల్‌ఐసీ 4,000, చీటీ 10,000 పోతాయి. అది 2 లక్షల చీటీ, 20 నెలలు, ఈ జూలైతో ఐదో నెల. బ్యాంకులో 1,20,000 ఎఫ్‌డీ ఉంది. పాప టెన్త్, బాబు ఏడో తరగతి, వాడికి 12 నిండాయి. పాప ఇంటర్‌లో చేరితే ఇక రెండేళ్లు కదలలేమని, టెన్త్ పరీక్షలవగానే నలుగురం మనాలి వెళ్లాలనుకుంటున్నాం. ట్రావెల్స్ వాళ్లు మనిషికి 38,000 చొప్పున 1,52,000 చెప్పారు. ముందు వెళ్లిరండి, 16 శాతం వడ్డీతో 18 నెలల్లో కట్టండి అంటున్నారు. ఏప్రిల్‌లో చీటీ పాడదామంటారు మా వారు, ఎఫ్‌డీ తీసేద్దామంటాను నేను. జూన్‌లో పాప ఇంటర్ ఫీజు మొదటి విడత, బాబు ఫీజు, పుస్తకాలు కలిపి 70,000 కావాలి. దీపావళికి మా వారికి 45,000 బోనస్ వస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. టెన్త్ పరీక్షలకీ ఇంటర్ క్లాసులకీ మధ్య దొరికే ఖాళీ మళ్లీ రాదన్న మీ మాట నిజం. కాకపోతే చీటీ, ఈఎంఐ, ఎఫ్‌డీ మూడూ పక్కన పెట్టండి. చేతిలో తొమ్మిది నెలల టైముంది. నెలకు మిగిలే 14,500, ఆ బోనస్ సరిపోతాయి. అయితే బడ్జెట్ 1,52,000 కాదు, 1,04,000.

ముందు ఈఎంఐ సంగతి. 1,52,000 మీద 16 శాతం, 18 నెలలంటే నెలకు సుమారు 9,550. మొత్తం 1,72,000 కడతారు. 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ వేసుకుంటే ఇంకో 3,600. అంటే మనాలి చూసినందుకు కాక, అప్పు తెచ్చుకున్నందుకే 23,000 పైగా ఖర్చు. అంతకన్నా ఇబ్బంది, మొదటి వాయిదాలు సరిగ్గా జూన్‌లో ఫీజుల నెత్తిన పడతాయి. అప్పుడు క్రెడిట్ కార్డు తీస్తారు. అక్కడ వడ్డీ నెలకే మూడు, మూడున్నర శాతం ఉంటుంది.

చీటీ మన సొమ్మే కదా, వడ్డీ ఏముంది అనుకుంటారు చాలామంది. లెక్క వేసి చూద్దాం. ఏప్రిల్ మీకు పద్నాలుగో నెల. ఆ నెల పాట 25,000 తగ్గింపుతో పోయిందనుకోండి, చేతికి 1,75,000 వస్తుంది. అదే ఆఖరి నెల దాకా ఆగితే 5 శాతం కమీషన్ పోను 1,90,000 వస్తుంది. నెలనెలా వచ్చే డివిడెండ్ (పాట తగ్గింపులో మీ వంతు) పాట మీరు పాడినా, ఇంకొకరు పాడినా వస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. డబ్బు ఆరు నెలలు ముందు తీసుకున్నందుకు 15,000 వదులుకుంటున్నారు. ఏడాది లెక్కన ఇది 17 శాతం వడ్డీ, ట్రావెల్స్ వాళ్ల అప్పు కన్నా ఎక్కువ. పైగా రిజిస్టర్డ్ చీటీ అయితే పాట పాడిన మర్నాడే డబ్బు ఇవ్వరు. జామీనుదార్లు, వాళ్ల జీతం సర్టిఫికెట్లు, సంతకాలు అయ్యేసరికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. ఆ చీటీని ఆఖరి నెల, అంటే వచ్చే ఏడాది అక్టోబరు దాకా కదపకండి. ఆ 1,90,000 పాప ఇంటర్ మిగతా విడతలకు, సెకండియర్‌కు పనికొస్తుంది.

ఎఫ్‌డీ ఎందుకు వద్దంటున్నానంటే, మీ ఇంటి ఖర్చు, ఈఎంఐ, ఎల్‌ఐసీ, చీటీ కలిపితే నెలకు 65,500. ఆ ఎఫ్‌డీ రెండు నెలలకు కూడా రాదు. మీ వారి ఉద్యోగానికి ఏదైనా అయితే మీకున్న ఆసరా అదొక్కటే.

ఇక ప్యాకేజీలో పిల్లలకు తగ్గింపు ఎందుకు లేదంటే, 12 నిండిన పిల్లలు ప్రయాణాల లెక్కలో పెద్దవాళ్లే. విమానంలో 12 నుంచి పెద్దల టికెట్. రైల్లో 5 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు బెర్త్ వద్దంటేనే సగం చార్జీ, బెర్త్ తీసుకుంటే పూర్తి చార్జీ. 12 నిండితే ఆ సగం కూడా లేదు. హోటళ్లలో చిన్న పిల్లల్ని తల్లిదండ్రుల మంచం మీద సర్దుకోనిస్తారు కానీ 15 ఏళ్ల ఆడపిల్ల, 12 ఏళ్ల మగపిల్లాడు ఉంటే రెండు గదులు కావాలి. ఒకే గదిలో రెండు అదనపు మంచాలు వేయిస్తామని చెప్పినా ఒప్పుకోకండి. నాలుగు రాత్రులు సరిగ్గా నిద్ర లేకపోతే పిల్లలు విసుక్కుంటారు, మీకూ యాత్ర బరువవుతుంది. గది అద్దె రోజుకు 7,500 లోపైతే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ‘ట్యాక్సులు అదనం’ అన్న మాట చూసుకుని బుక్ చేయండి.

సిమ్లా కూడా కలిపేద్దామనిపిస్తుంది. వద్దు. కల్కా–సిమ్లా చిన్న రైలు బాగుంటుంది, కానీ సిమ్లా నుంచి మనాలికి కొండ మలుపుల్లో రోజంతా కారు, ఇంకో రెండు మూడు రాత్రుల హోటలు, పిల్లలకు వాంతులు. ఒక్క ఊరు, నాలుగు రాత్రులు పెట్టుకోండి. ఖర్చులు నేను ఇలా వేశాను. ఇవి సుమారు అంకెలు, బుక్ చేసే రోజు సరిచూసుకోండి.

విజయవాడ నుంచి ఢిల్లీకి థర్డ్ ఏసీ, రానూపోనూ ఎనిమిది టికెట్లు: 18,000. ఢిల్లీ–మనాలి వోల్వో బస్సు రానూపోనూ: 13,000. రెండు గదులు, నాలుగు రాత్రులు, పన్నుతో: 21,000. తొమ్మిది రోజుల తిండి, రోజుకు 2,000 చొప్పున: 18,000. మనాలిలో మూడు రోజుల కారు: 10,500. పిల్లల ఆటలకు 8,000. కోట్లు, బూట్ల అద్దె, చిల్లర ఖర్చులకు 3,000. ఢిల్లీలో రైలుకీ బస్సుకీ మధ్య గడిపే రోజుకు 2,500. మొత్తం 94,000. పైన 10,000 ముట్టుకోని డబ్బు. కొండచరియ పడి రోడ్డు మూసేస్తే ఇంకో రాత్రి ఉండాల్సి వస్తుంది, ఆ డబ్బు అందుకే.

ఇప్పుడు కూడబెట్టే పద్ధతి. జీతం పడ్డ మర్నాడే పోయేలా ఆగస్టు 5న రెండు రికరింగ్ డిపాజిట్లు (ఆర్డీలు) తెరవండి. యాత్రకు 6,500, ఫీజుకు 7,000. కలిపి నెలకు 13,500. 1,000 మిగులుతుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

చాలామంది పొరపాటు చేసేది గడువు దగ్గర. ఆగస్టు నుంచి ఏప్రిల్ దాకా తొమ్మిది వాయిదాలు కదా అని తొమ్మిది నెలల ఆర్డీ తెరిస్తే అది మే 5న చేతికొస్తుంది. మీరు బయల్దేరేది ఏప్రిల్ 28న. మధ్యలో మూసేస్తే వడ్డీ కోత. అందుకే యాత్ర ఆర్డీ ఎనిమిది నెలలకే తెరవండి. ఏప్రిల్ 5కి, 6.5 శాతం వడ్డీ లెక్కన సుమారు 53,250 వస్తుంది. ఏప్రిల్ నెల 6,500 ఖాతాలోనే ఉంచండి. బోనస్ 45,000 కలిస్తే 1,04,700. ఫీజు ఆర్డీ తొమ్మిది నెలలకు, అంటే మే 5కి సుమారు 64,700 అవుతుంది. మే నెల 7,000 కలిపితే జూన్ 70,000 సిద్ధం. కొన్ని కాలేజీలు సీటు రిజర్వేషన్ అంటూ సంక్రాంతి లోపలే అడ్వాన్స్ అడుగుతాయి. అలా అడిగితే, చేరకపోతే ఎంత తిరిగిస్తారో రసీదు మీద రాయించుకోకుండా ఇవ్వకండి.

బోనస్ వచ్చిన వారంలోనే ఎఫ్‌డీ చేసేయండి, ఫిబ్రవరి మూడో వారానికి చేతికొచ్చేలా. వడ్డీ పెద్దగా ఏమీ రాదు. కానీ జీతం ఖాతాలో ఉంచితే దీపావళి బట్టలకు, సంక్రాంతికి వచ్చిన బంధువులకు కరిగిపోతుంది. ఫిబ్రవరే ఎందుకంటే, రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. ఏప్రిల్ 28 ప్రయాణానికి ఫిబ్రవరి 27 ఉదయం 8 గంటలకు, మే 6 తిరుగు ప్రయాణానికి మార్చి 7న. రెండూ ఒకే రోజు దొరుకుతాయనుకుని వెళ్లే టికెట్ తీసుకుని, తిరుగు టికెట్ మర్చిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. వేసవి సెలవుల్లో వెయిటింగ్ లిస్టు మీద నలుగురి ప్రయాణం పెట్టుకోకూడదు. తత్కాల్ ధర ఎక్కువ, కన్ఫర్మ్ అయ్యాక రద్దు చేస్తే పైసా తిరిగి రాదు. మీ ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ఇప్పుడే కలిపి ఉంచండి, బుకింగ్ తెరిచిన రోజు అది లేకపోతే వెనకబడతారు. పాపకు 15 నిండాయి కాబట్టి ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ కూడా చేయించండి. ఈ వయసులో అది ఉచితం, ఇంటర్ అడ్మిషన్‌కూ పనికొస్తుంది.

తేదీ గురించి ఒక మాట. స్కూళ్లు ఏప్రిల్ 23 ప్రాంతంలో మూస్తారు. ఏప్రిల్ 28న బయల్దేరితే మే మధ్య నుంచి పెరిగే హోటల్ ధరలు తప్పుతాయి. రోహ్‌తాంగ్ కనుమ రోడ్డు అప్పటికి తెరవకపోవచ్చు. అది తెరిచినా బండికి పర్మిట్ ఉండాలి. దాని బదులు 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ దాటి సిస్సు, కోక్సర్ వైపు వెళ్లండి. టన్నెల్‌కు పర్మిట్ అక్కర్లేదు, మంచు అటు దొరుకుతుంది. ఢిల్లీలో రైలు దిగాక మనాలి బస్సుకు కనీసం ఆరేడు గంటల తేడా ఉంచండి. దూరపు రైళ్లు ఆలస్యమైతే బస్సు వాళ్లు ఆగరు, డబ్బూ ఇవ్వరు.

పిల్లల 8,000 మాత్రం మీరు ఖర్చు పెట్టకండి. చెరో 4,000 వాళ్ల చేతికే ఇవ్వండి. రోప్‌వే ఎక్కాలా, రాఫ్టింగ్ చేయాలా, గుర్రం ఎక్కాలా అన్నది వాళ్లిష్టం. మిగిలితే వాళ్లదే, అయిపోతే ఇంక అడగకూడదు. ఈ వయసు పిల్లలు ‘అమ్మా, అది కొను’ అన్నంత తేలిగ్గా ‘నా డబ్బుతో కొంటాను’ అనరు, ఆగి ఆలోచిస్తారు. ఇది అక్కడికి వెళ్లి నేర్పితే వచ్చేది కాదు, అందుకే ఆ మిగిలిన 1,000లో ఆగస్టు నుంచే చెరో 300 పాకెట్ మనీ ఇవ్వండి. 10 ఏళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025లో బ్యాంకులకు చెప్పింది. ఇద్దరికీ ఖాతాలు తెరిపించండి. ఫిబ్రవరి 27 బుకింగ్ పాపతో చేయించండి. రోజు లెక్క బాబు రాయాలి: తిండి, కారు, ఇతరం అని మూడు గడులు, రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు. మూడో రోజుకే ‘నాన్నా, ఇవాళ 700 ఎక్కువైంది’ అని వాడే చెబుతాడు.

మనాలి దాటాక దారి పొడవునా మంచు కోట్లు, బూట్లు అద్దెకిచ్చే దుకాణాలుంటాయి. చాలా చోట్ల డ్రైవర్ తనకు తెలిసిన దుకాణం ముందే బండి ఆపుతాడు. దిగకముందే నలుగురికీ కలిపి ఒక ధర ఒప్పుకోండి, బూట్లు విడిగా కాదని చెప్పండి. తొడుక్కునే ముందు జిప్పు, మోచేతులు చూసి, చిరుగు ఉంటే ఫోన్‌లో ఫొటో తీయండి. తిరిగిచ్చేటప్పుడు ‘మీరే చింపారు’ అన్న గొడవ దీంతో పోతుంది. సోలాంగ్‌లో పారాగ్లైడింగ్ అంటే బాబు వెంటపడతాడు. మీ వారి కంపెనీ ఆరోగ్య బీమాలో పిల్లల పేర్లున్నాయా, సాహస క్రీడల గురించి ఏం రాశారు, కులూ వైపు నగదు లేకుండా చూసే ఆసుపత్రులు ఏవి అన్నది ఇంట్లో ఉండగానే చూసుకోండి. ఆపరేటర్‌కు రిజిస్ట్రేషన్ లేకపోయినా, గాలి బలంగా ఉన్నా వద్దనండి.

మీ వారి జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) అనే పద్దు ఉందేమో చూడండి. ఉంటే, ఆయన పాత పన్ను విధానంలో ఉంటేనే మినహాయింపు దొరుకుతుంది. అదీ దేశంలోపల ప్రయాణ చార్జీలకే, హోటలుకూ తిండికీ కాదు. నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు ఇస్తారు, ఇప్పటి బ్లాకు 2026 నుంచి 2029 దాకా. ఆయన సెలవు పెట్టి వెళ్లాలి, టికెట్లు దాచాలి.

బోనస్ రాకపోతే? దీపావళికల్లా తెలుస్తుంది కాబట్టి కంగారు లేదు. అప్పుడు చేతిలో ఉండేది 60,000. దాంతో మనాలి కాదు, ఊటీ పెట్టుకోండి. విజయవాడ నుంచి రైల్లో కోయంబత్తూరు, అక్కడి నుంచి మేట్టుపాళెయం, 46 కిలోమీటర్ల కొండ రైలు, కూనూరులో మూడు రాత్రులు. కొండ రైలుకు సీట్లు తక్కువ, బుకింగ్ తెరిచిన రోజే తీసుకోండి. కోయంబత్తూరు నుంచి కారు తీసుకుంటే, బండి వాళ్లు ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు ఈ-పాస్ తీసుకున్నారో లేదో ముందే అడగండి.