బోటు అందరిదీ, సంతకం మీ ఒక్కరిదీ

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, చేతికి నెలకు రూ.1.65 లక్షలు వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ రూ.52 వేలతో కలిపి ఖర్చు రూ.1.10 లక్షలు. అమ్మానాన్నల 50వ పెళ్లిరోజుకు జూన్‌లో 14 మందిమి గ్రీస్ వెళ్లి, వారం పాటు రెండు సెయిలింగ్ కాటమరాన్లు (జంట అడుగుల తెరచాప బోట్లు) అద్దెకు తీసుకోవాలని అనుకున్నాం. బోటు నడిపే స్కిప్పర్లతో కలిపి రూ.14 లక్షలు. అడ్వాన్సుకు నా రూ.7 లక్షల ఎఫ్‌డీ తీసి కట్టి, మిగతా సగానికి 14% వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుంటాను. మా ఇంట్లో ఆరుగురం. మిగతా ఎనిమిది మంది తలా లక్ష తర్వాత ఇస్తామన్నారు. ఇలా చేయొచ్చా?

జవాబు: వద్దు. ఈ ఉత్తరం పనిగట్టుకుని ఎందుకు తీసుకున్నానంటే, తిరుపతి యాత్రకు టెంపో మాట్లాడిన వాళ్లూ ఇదే పొరపాటు చేస్తారు. మీది యూరోల్లో ఉంది, అంతే తేడా.

మీ ఎఫ్‌డీ దాదాపు ఆరు నెలల ఖర్చుకు సరిపోయే డబ్బు. అది మిగులు కాదు, మీ ఉద్యోగానికి కాపలా. ఐటీలో ఉన్నారు, ఇంటి రుణం ఉంది, డెబ్బై దాటి ఉండే తల్లిదండ్రులున్నారు. లేఆఫ్ మెయిల్ వచ్చిన నెలలో ఈఎంఐ రూ.52 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? దానికి తోడు ఈ కొత్త లోన్‌కు నెలకు దాదాపు రూ.23,900 కట్టాలి. మూడేళ్లలో వడ్డీయే రూ.1.6 లక్షలు. వారం రోజుల సముద్రానికి మూడేళ్ల కిస్తీలా? ఇలాంటి లోన్ల గురించి ఓపిగ్గా రాయడం నాకు చేతకాదు, క్షమించండి.

ఇక ‘తర్వాత ఇస్తాం’ సంగతి. బోటు అద్దె మనిషి లెక్కన ఉండదు, బోటు లెక్కన ఉంటుంది. ఇద్దరికి గ్రీస్ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసా రాకపోయినా, ఒకరికి సెలవు దొరక్కపోయినా బిల్లు రూపాయి తగ్గదు. సాధారణంగా బుకింగ్‌కు సగం, బయల్దేరడానికి నాలుగైదు వారాల ముందు మిగతా సగం కట్టించుకుంటారు. ఆ తర్వాత రద్దు చేస్తే వెనక్కి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. ఒప్పందం మీద సంతకం మీదే. డ్యామేజీ డిపాజిట్ కింద బోటుకు కొన్ని వేల యూరోలు బ్లాక్ అయ్యేదీ మీ కార్డులోనే. డీజిల్, రేవు రుసుములు, స్కిప్పర్ భోజనం తరచూ విడిగానే ఉంటాయి. విమానం టికెట్లయితే మీ ఉత్తరంలో లేనే లేవు. ఇంతా అయ్యాక బావగారిని లక్ష అడగగలరా? మన ఇళ్లలో మొహమాటానికి కూడా వడ్డీ ఉంటుంది, అది మీరే కడతారు.

కాబట్టి క్రమం తిరగేయండి. ముందు వాటాలు మీ ఖాతాలో పడాలి, తర్వాతే సంతకం. అందరికీ ఒక తేదీ చెప్పండి. ఆ తేదీకి డబ్బు ఇచ్చిన వాళ్లే ప్రయాణికులు. ఇలాంటి బోట్లలో సాధారణంగా 12 మందికి మించి ఎక్కనివ్వరు కాబట్టే మీకు రెండు అవసరమయ్యాయి. ఇద్దరు ముగ్గురు తగ్గితే ఒక్క పెద్ద బోటు సరిపోవచ్చు, ఖర్చూ దిగుతుంది. మీ ఆరుగురి వాటా రూ.6 లక్షలు నెలనెలా మిగిలే రూ.55 వేలతో పదకొండు నెలల్లో సమకూరుతుంది. టికెట్లకు ఇంకొన్ని నెలలు. ఆలోగా జూన్ దాటిపోతే సెప్టెంబరు కూడా గ్రీస్‌లో సీజనే. జులై, ఆగస్టుల్లో మాత్రం ఈజియన్ సముద్రంలో మెల్టెమి అనే గాలులు గట్టిగా వీస్తాయి, పెద్దవాళ్లతో అప్పుడు వద్దు. అంత ఆగలేమంటే అలెప్పీ హౌస్‌బోటు ఉంది.

ప్రయాణ బీమాలో వీసా కోసం అడిగే 30 వేల యూరోల కవరేజీతో సరిపెట్టుకోకండి. అమ్మానాన్నల బీపీ, షుగర్ దాచకుండా రాసి, వాటికి వర్తించే పాలసీ తీసుకోండి. ఇక్కడ వాళ్లకు ఆఫీసు బీమా ఒక్కటే ఉన్నట్టయితే, బోటు అడ్వాన్సు కంటే ముందు వాళ్లకు విడిగా ఆరోగ్య బీమా తీసుకునే పని చూడండి.